మునిగిన అడవిలో గాలి పడవ

మా వంశంలో ఎవరూ తెడ్డు పట్టలేదు. మా తాతగారి కాలందాకా మాకు పన్నెండు గ్రామాలుండేవి. వాటిలో మూడు పెద్ద చెరువులు, చెరువుకో పడవ. మావాళ్ళు పడవలో కూర్చునేవారు, తెడ్డు వేసేవాళ్ళు వేరే ఉండేవారు. గ్రామాలు పోయాయి, చెరువులు పోయాయి, తెడ్డు వేసినవాళ్ళు పిల్లల్ని చదివించుకుని విశాఖపట్నం వెళ్ళిపోయారు. చేపల వేట మీద మోజు ఒక్కటి నాదాకా మిగిలింది. ఒక కళాశాల గ్రంథాలయంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, ఒక పడవ కొనుక్కున్నాను. అది తెడ్డుతో నడవదు. సైకిలులా కాళ్ళతో తొక్కాలి. చేతులు గాలానికి ఖాళీగా ఉంటాయి. తెడ్డు పట్టకూడదన్న మావాళ్ళ పట్టుదలకీ భంగం రాదు.

మడత పెడితే పరుపు చుట్టంత అవుతుంది. పంపుతో పావుగంట గాలి కొడితే రెండు పక్కలా రెండు లావుపాటి గొట్టాలు, కింద బల్లలాంటి గట్టి అడుగు లేస్తాయి. మధ్యలో ఉన్న కంతలోంచి పెడళ్ళ యంత్రం దించితే నీటి కింద చిన్న పంకా తిరుగుతుంది. ఇద్దరు కూర్చోవచ్చు, పెడళ్ళు వెనక సీటుకే. వచ్చిన రోజు హాల్లో గాలి కొట్టి చూపిస్తే మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంత డబ్బు పోసి గాలి కొనుక్కొచ్చారా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండేళ్ళు దాన్ని పల్లపు జలాశయాల్లోనే తొక్కాను. మొన్న చైత్రంలో మొదటిసారి కొండెక్కించాను. ఇంటికి వచ్చి వారమైంది, ఇంకా తేరుకోలేదు. అటు వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. రాయొద్దన్నారు, సరేనని మాటిచ్చాను.

అరకు: ముప్ఫై రూపాయల టిక్కెట్టు

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డెక్కి, అనంతగిరి దగ్గర కారు అద్దాలు దించగానే మల్లెపూల వాసన కొట్టింది. ఇక్కడ మల్లెలేమిటని చూస్తే కాఫీ తోటలు. అంతకు రెండు రోజుల ముందు జల్లు పడిందట, కొమ్మ కొమ్మకీ తెల్లగా పూసి ఉన్నాయి. అంత చేదు గింజకి అంత తీపి వాసన ఉంటుందని అరవై ఏళ్ళు వచ్చేదాకా నాకు తెలియకపోవడం నా మొదటి ఆశ్చర్యం.

రెండోది అంత సుఖమైంది కాదు. మా తాతగారు శీతాకాలం వేటకి వచ్చి దిగిన బంగ్లా ఒకటి అరకులో ఉండేదని ఇంట్లో చెప్పుకునేవారు. వెతుక్కుంటూ వెళ్ళాను. గోడలు లేవు, మెట్లు మాత్రం మిగిలాయి. ఆ మెట్ల చుట్టూ గులాబీ రంగు గుండెబొమ్మలు, ఊయల, ఫొటో దిగడానికి రెక్కల బొమ్మ. మనిషికి ముప్ఫై రూపాయలు. మా తాతగారి మెట్లెక్కడానికి నేను టిక్కెట్టు కొన్నాను. ఎక్కిన తర్వాత, "ఫొటో తీయమంటారా అంకుల్?" అని టిక్కెట్లిచ్చే కుర్రాడు అడిగాడు. వద్దన్నాను.

భోజనానికి బొంగులో కోడి తిన్నాను. రోడ్డు పక్క పాకలో అమ్మే ఆవిడ బొంగు నాలుగు వందలు చెప్పింది, మూడున్నరకి ఇచ్చింది. నూనె చుక్క లేకుండా పచ్చి వెదురులో ఉడికిన మాంసం, అడ్డాకు మీద వేసి పెట్టింది. దాని రుచికి బంగ్లా సంగతి కాసేపు మరిచిపోయాను.

దారికడ్డంగా వెదురు గడ

రెండో రోజు డుంబ్రిగుడ మీదుగా ముంచంగిపుట్టు దాటాను. జోలాపుట్టు జలాశయం ఇంకో నాలుగు కిలోమీటర్లుందనగా, మలుపు తిరిగేసరికి పదిమంది ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా పొడవాటి వెదురు గడ పట్టుకుని పాట పాడుతున్నారు. ముందు ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాను.

"బావా, దిగు!" అంది వాళ్ళలో ముందున్న మనిషి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, ముక్కుకి రెండు పక్కలా పోగులు, చెవి మీద కాఫీ పూలు.

నన్ను బావా అని పిలిచే మనిషి ఈ భూమ్మీద మా ఆవిడ తమ్ముడొక్కడే. అతనూ పిలిచేముందు ఒకసారి దగ్గుతాడు.

"ఎవరమ్మా నీకు బావ?" అన్నాను.

"ఇటుకల పండగ సాగినన్నాల్లూ ఈ దార్న ఒచ్చిన మగోడల్లా బావే. యాభై ఇచ్చి పో. నేదంటే దిగి మాతో ఆడు."

ఇటుకల పండగ అక్కడివాళ్ళకి ఏడాదిలోకెల్లా పెద్ద పండగ. విత్తనాల ముందు వస్తుంది. మగవాళ్ళు పొద్దున్నే విల్లంబులతో వేటకి పోతారు, ఆడవాళ్ళు దార్లు కాసి వచ్చేపోయే బళ్ళ దగ్గర పండగ డబ్బులు రాబడతారు. యాభై రూపాయలు ఇచ్చి ఊరుకుంటే పోయేది. ఎవరో ఆపితే డబ్బిచ్చి కదిలే అలవాటు లేక, "నేను షికారుకి వచ్చినవాణ్ణి కాను. మీ నీళ్ళలో చేపలు పట్టడానికి వెళుతున్నాను" అని గట్టిగా చెప్పాను. ఏ ఊరి రేవులో దిగుతానో కూడా చెప్పాను.

ఆవిడ ముఖం మారింది. పాట ఆగింది.

"అది మా ఊరే. వేటకెల్లేటోడి కాడ డబ్బు ముట్టకూడదే," అని వెనకవాళ్ళతో అంది. గడ పైకి లేచింది. "ఎల్లు బావా. ఒట్టి సేతుల్తో మాత్తరం ఊల్లోకి రాకు."

దాన్ని నేను దీవెన అనుకున్నాను.

రేవు

ఇరవై మూడు గడపల ఊరు. పైన ఎర్ర పెంకుల ఇళ్ళు, కింద నీళ్ళు. వేసవికి నీరు దిగి, ఒకప్పటి చెట్ల మోడులు వేళ్ళలా పైకి కనిపిస్తున్నాయి. నాకు బస ఇచ్చినాయన పేరు గాసి. ఊరికి ఆయన దిసారి, అంటే విత్తనానికీ పెళ్ళికీ చావుకీ ముహూర్తం చెప్పి పూజ చేసే మనిషి. అరవై అయిదేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా పంచె, పాత ఖాకీ చొక్కా, భుజాన విల్లు.

"పండుకోడానికి అరుగుంది సారు. తినడానికి సోడి అంబలుంది. బాత్రూము నేదు," అన్నాడు. ఇంత క్లుప్తంగా ఏ హోటలువాడూ నాకు వసతులు చెప్పలేదు. చెప్పి, వేటగాళ్ళని కలుసుకోవడానికి కొండెక్కిపోయాడు.

రేవులో గాలి కొడుతుంటే కొండెక్కనివాళ్ళంతా వచ్చారు. వార్డు మెంబరు జగ్గు, నలభై ఏళ్ళ చురుకైన మనిషి, ఆ గొట్టం నొక్కి చూసి, "లారీ ట్యూబు కదా సారు, దీనికింత రేటేటి?" అన్నాడు. నీళ్ళలోకి దిగి పెడళ్ళు తొక్కితే ఒడ్డున గోల లేచింది. "ఓలమ్మో, నీల్లమీద సైకిలు తొక్కుతన్నాడే!"

ఆ సాయంత్రం రెండు గంటలు తిరిగాను. నాచు పంకాకి చుట్టుకుంది, యంత్రం పైకి లాగి మూడుసార్లు విప్పాను. ఒక్క చేప కూడా ముట్టలేదు. పొద్దు వాలుతుండగా గాలపుకర్ర భుజాన వేసుకుని ఊళ్ళోకి నడిచాను. అదే సమయానికి గాసీ ఇంకో పదిమంది మగవాళ్ళూ నాలుగు కుక్కలతో కొండ దిగి వస్తున్నారు. వాళ్ళ చేతులూ ఖాళీయే.

ఊరి మొదట్లో ఆడవాళ్ళు కుండలతో నిలబడి ఉన్నారు. దారి ఆపిన మనిషి ముందుంది. ఆవిడ గాసి పెద్ద కోడలని, పేరు ముక్తమ్మని నాకు అప్పుడే తెలిసింది. తెలిసిన మరుక్షణం ఆవిడ కుండెత్తి తన మామగారి నెత్తిమీద పేడనీళ్ళు గుమ్మరించింది.

నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"కొండమీద నిద్దరోయి వచ్చినారా మామా? పంది నీకు జోల పాడిందా?" అని నవ్వుతోంది. మిగతా ఆడవాళ్ళు తమ తమ మగవాళ్ళని తడుపుతున్నారు. "సీర కట్టిత్తాను రా!" అని ఒకావిడ మొగుణ్ణి తరుముతోంది. గాసి గడ్డంమీంచి కారుతున్న పచ్చనీళ్ళు తుడుచుకుని, తల వంచుకుని, నవ్వుకుంటూ లోపలికి పోయాడు. మా ఇంట్లో కోడళ్ళు మామగారి ఎదుట కుర్చీలో కూర్చునేవారు కారు.

ఇదంతా చూస్తూ తప్పుకుని పోదామనుకున్నాను. రెండో కుండ నా మీద పడింది. తలమీంచి చొక్కాలోకి, చొక్కాలోంచి చెప్పుల్లోకి.

"నేనెవరో తెలుసా నీకు?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎవులివైతే ఏటి? సేపేదీ?" అంది ముక్తమ్మ.

కళ్ళజోడు మీది పేడ తుడుచుకుంటూ గాసి ఇంటివైపు నడిచాను.

పొడిబట్టలతో వచ్చిన మనిషి

మూడో రోజు పొద్దున్న అరుగుమీద చోడి అంబలి, అంటే రాగి జావ, నంజుకోవడానికి ఉప్పు మిరపకాయ పెట్టారు. మా పల్లంలో అంబలి పనివాళ్ళకి పోసేది, మేము తాగేది కాదు. రెండో గిన్నె నేనే అడిగాను.

తాగుతూ గాసి చెప్పిన సంగతి ఇది. వేటలో పడ్డ జంతువు రక్తం విత్తనానికి కలపాలి. కలిపిన విత్తనాన్ని దిసారి ఇంటింటికీ పంచాలి. అప్పుడే కొండచెక్కల్లో, అంటే కొండవాలు పొలాల్లో, జల్లాలి. ఆ జంతువుని దిసారి చేయి కొట్టాలి. పండగ మొదలై చాలా రోజులైంది. అడవిలో ఏమీ పడలేదు. మర్నాటి సాయంత్రంతో పండగ ఆఖరు.

"పడకపోతే?" అన్నాను.

జవాబు అటుపక్క కూర్చున్న జగ్గు చెప్పాడు. "పడదు సారు. అడివెక్కడుంది? అంతా కాఫీయే, సిలవరోకు సెట్లే. పైపెచ్చు ఏదైనా పడితే ఫారెస్టోల్లు కేసెడతారు. ముంచంగిపుట్టులో ఫారం కోడి రెండొందల ఎనబై. రేపు తెచ్చి కోసేసి, నానే పంచేత్తాను. ఊరికి ఇత్తనం కావాల."

"కొన్న కోడి వేటేటిరా?" అన్నాడు గాసి. జగ్గు పంచితే ఆ తర్వాత విత్తనం పంచే దిసారి బుట్ట, దానితోపాటు ఆ పెద్దరికం జగ్గు ఇంటికే పోతాయి. ఏడు తరాలుగా అది గాసి ఇంట్లో ఉంది. జగ్గు చెడ్డవాడేమీ కాదు. ముందురోజు రేవుదాకా నా పడవ మోసింది అతనే.

ఆ రోజు నాకు అరచేయంత జెల్ల చేపలు రెండు పడ్డాయి. సాయంత్రం వాటిని ఎత్తి చూపిస్తూ ఊళ్ళోకి వస్తే ముక్తమ్మ నవ్వి, "వీటికి మీసాలున్నాయి గాని ఒల్లు నేదు బావా," అని దారి విడిచింది. తక్కిన మగవాళ్ళ మీద కుండలు కురిశాయి. అందరికన్నా వెనక గాసి వచ్చాడు. ఒట్టి చేతులు.

ముక్తమ్మ కుండ ఎత్తింది. ఆయన ముఖంలోకి చూసింది. మెల్లగా కుండ దించి పక్కన పెట్టేసింది.

ఆయన తలెత్తి ఒక్క క్షణం నిలబడ్డాడు, తడపమన్నట్టు. ఎవరూ కదల్లేదు. పొడిబట్టలతో అలాగే నడిచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అంబలి ముట్టలేదు.

నిన్న కుండ పడినందుకు మండిపడ్డవాణ్ణి నేను. ఈ రోజు ఆయన మీద పడకపోతే చూడలేకపోయాను. మా ఊళ్ళో టీ కొట్టతను నేను కనిపిస్తే ఇప్పటికీ లేచి నిలబడతాడు. డబ్బులు తీసుకునేటప్పుడు రెండు చేతులూ పడతాడు. అతని తండ్రి మా నాన్నగారితో పేచీ పెట్టుకునేవాడు, తిట్టేవాడు, ఒకసారి కోర్టుకి కూడా లాగాడు. కొడుకు నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అది మర్యాద కాదు, జాలి అని ఇన్నేళ్ళూ నేను పైకి ఒప్పుకోలేదు.

లేచి గాసి దగ్గరికి వెళ్ళాను. "చేప పనికొస్తుందా?" అని అడిగాను.

ఆయన నీళ్ళవైపు చేయి చూపించాడు. "ఆ మోడులు సూసినావు కదా, ఆటి మద్దెన తిరిగేదైతే పనికొత్తాది. అది మా అడివే. డేము కట్టినప్పుడు మునిగిపోనాది. మునిగితే మాది కాకుండా పోద్దా?" అన్నాడు. "దోనె తీసుకెల్తే గడ సప్పుడికే సేప పోతాది. ఆ మోడుల్లో తిరగబడిపోతాది కూడాను."

"నా పడవకి చప్పుడు లేదు," అన్నాను.

ముందు సీటు

నాలుగో రోజు తెల్లారుతూనే దిగాం. గొడ్డలి ఒడ్డున పెట్టించాను. బాణాలు మాత్రం ఆయన వదల్లేదు, నేను రెండోసారి అడగలేదు. పెద్దమనిషిని ఒకే మాట రెండుసార్లు అడగడం మా ఇంట్లో లేదు. ఆ మర్యాద ఎంత పని చేసిందో తర్వాత చూడండి.

గాసి ముందు సీటులో, నేను వెనక. తొక్కుతూ తొక్కుతూ రేవు దాటాక తట్టింది, మా వంశంలో ఒక మనిషి ఇంకో మనిషిని కూర్చోబెట్టుకుని పడవ నడపడం ఇదే మొదటిసారి అని. ఆయనకి ఆ సంగతి తెలియదు. వేలితో దారి చూపిస్తున్నాడు.

"ఇటు, ఎడం పక్కకి. ఇది ఊరి ఈది. అదిగో ఆ మోడు సింతసెట్టు. దాని కింద మా తాత సెక్క. సోల్లు బాగా అయ్యేవంట."

నా కాళ్ళు ఆగిపోయాయి. కిందికి చూశాను. పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. మొన్నటి నుంచీ ఆ చేలమీద, ఆ వీధిమీద నేను సైకిలు తొక్కుకుంటూ ఈల వేశాను.

"తొక్కు సారు, ఏటాగిపోనావు?" అన్నాడు.

ఎండ ఎక్కుతుండగా మోడుల మధ్య నీటిమీద ఎర్రటి మచ్చ కదలడం చూశాను. కొరమీను పిల్లలు, వందల కొద్దీ. వాటి కింద తల్లి ఉంటుంది. తల్లి కొరమీను ఆ సమయంలో ఏది విసిరినా కోపంతో కరుస్తుంది. గాలం విసిరితే పడినట్టే. చేయి ఎత్తాను. గాసి నా మణికట్టు పట్టుకున్నాడు.

"పిల్లల్తో ఉంది. దించు."

"ఇదే ఆఖరి రోజు!"

"తెలుసు. దించు."

ఊరి ముందు పరువు పోబోతున్న మనిషి, చేతికందిన చేపని వదిలేయమంటున్నాడు. నమ్మలేక ఆయన ముఖం చూశాను. ఆయన పిల్లల్ని లెక్కపెడుతున్నట్టు నీటికేసి చూస్తున్నాడు.

ఆ తర్వాత మూడు గంటలు ఏమీ లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, సీటు కాలుతోంది. ఆయన పొగాకు నములుతున్నాడు. నేను మనసులో ఫారం కోడిని చూస్తున్నాను.

నడిపొద్దున గాలం ఒక్కసారి కిందికి పోయింది. కర్ర విల్లులా వంగింది, రీలు అరిచింది. వాలుగ చేప. నీటిమీదికి ఒక్కసారి పొర్లితే చూశాను, నా చేయంత పొడవు, తెల్లటి పొట్ట. అది గాలపు తాడుని మోడు చుట్టూ తిప్పింది. నేను పెడళ్ళు వెనక్కి తొక్కాను, ముందుకి తొక్కాను, మోడు చుట్టూ గానుగెద్దులా తిరిగాను. చేతులు రెండూ కర్రమీదే ఉన్నాయి. తెడ్డు పడవైతే ఆ చేప అక్కడే పోయేది. పావుగంటకి అది పడవ పక్కకి వచ్చింది, అలసిపోయి, నోరు తెరిచి.

"పట్టు సారు, వదలకు!" అంటూ గాసి బాణం పిడికిట్లో పట్టుకుని పైకెత్తాడు. ఆయన పుట్టినప్పటి నుంచీ ఎక్కింది చెక్క దోనెలే. దోనెలో చేప దొరికితే అది జారిపోకుండా బాణంతో పొడిచి పడవ గోడకి దిగ్గొడతారు. వాళ్ళ తాతలు చేసింది అదే, ఆయన చేసిందీ అదే. చేపలోంచి దూసుకుపోయి బాణం నా పడవ గొట్టంలో దిగింది.

బుస్సుమంది.

"ఏటది? పామా?" అని గాసి కాళ్ళు ముడుచుకున్నాడు.

"పాము కాదు, నా పడవ!"

బాణం పీకొద్దని అరిచేలోపు పీకేశాడు. కుడి గొట్టం మా కళ్ళ ముందే మెత్తబడి, ముడతలు పడి, నీళ్ళలోకి వాలింది. నా కళ్ళజోడు జారి వాళ్ళ తాత చేలో పడింది. నీళ్ళు నడుందాకా వచ్చాయి. గాసి ఎడం గొట్టానికి బల్లిలా కరుచుకుని, రెండో చేత్తో బాణానికి గుచ్చిన చేపని పైకెత్తి పట్టుకున్నాడు. నేను సగం మునిగి పెడళ్ళు తొక్కుతూనే ఉన్నాను. పడవ పీతలా పక్కకి నడిచింది. ఒడ్డు చేరడానికి గంట పట్టింది. ఆ గంటలో ఆయన మొదటిసారి పగలబడి నవ్వాడు.

"దీనికి ఊపిరుందని ముందే సెప్పొద్దా సారు!"

చెప్పాననే అనుకున్నాను. గాలి పడవ అన్నాను. గాలి అంటే ఆయన, గాలిలా తేలిగ్గా పోయేదనుకున్నాడట.

విత్తనం

ఊరి మొదట్లో కుండలు సిద్ధంగా ఉన్నాయి. జగ్గు అప్పటికే సైకిలుకి కోడిని కట్టుకుని వచ్చి ఉన్నాడు. గాసి బాణం భుజాన వేసుకుని, దానికి వేలాడే వాలుగతో నడిచి వచ్చాడు. ముక్తమ్మ కుండ పారబోసి, లోపలికి పరిగెత్తి పసుపునీళ్ళు తెచ్చి మామగారి కాళ్ళు కడిగింది. కడుగుతూ మొహం పక్కకి తిప్పుకుంది. జగ్గు కోడి కాళ్ళ తాడు విప్పేశాడు. అది ఇళ్ళమధ్య అరుస్తూ పారిపోయింది.

తర్వాత ముక్తమ్మ నా వైపు తిరిగింది. "నీదేదీ బావా?"

"గాలం సారుది, దెబ్బ నాది," అన్నాడు గాసి.

ఆవిడ ఆలోచించింది. పక్కావిడ కుండ తీసుకుని, "సగం వేటకి సగం నీల్లే" అంటూ నా నడుం కిందనుంచి తడిపింది. ఎలాగూ తడిసే ఉన్నాను.

వాలుగని ఇరవై మూడు గడపలకీ సమంగా కోశారు. కుక్కలకి ఒక వాటా, నాకు ఒక వాటా, నా పడవకి ఒక వాటా. నా ముక్క బొటనవేలంత ఉంది, గాసి ముక్కా అంతే. మా తాతగారి వేటల్లో జంతువు తలా చర్మం బంగ్లాకి వచ్చేవి. అడవిలో జంతువుల్ని ఎదురు తోలినవాళ్ళకి ఏం వచ్చేదో మా ఇంటి కథల్లో లేదు.

పొద్దు ఇంకా ఉండగానే దేవత రాయి ముందు బుట్టలు పెట్టారు. సామలు, చోళ్ళు, కందులు. గాసి రక్తం చిలకరించి కలిపాడు. ముందుగా ఆకు పట్టింది జగ్గు. గాసి పోశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, కానీ గాసి జగ్గు ఆకు పొర్లిపోయేదాకా పోశాడు. ఒక్కొక్కరూ తమ చెక్క పేరు చెబుతున్నారు, ఆయన ఆ పేరు దేవతకి వినిపిస్తున్నాడు.

చివర, "సారూ, దోసిలి పట్టు," అన్నాడు.

"నాకెందుకు?"

"వేటకెల్లినోడికి ఇత్తనం ఇవ్వాల." పోసేశాడు. గింజలు తడిగా, ఎర్రగా ఉన్నాయి. "ఏ సెక్కలో జల్లుతావు? పేరు సెప్పు."

మా భూముల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. పెద్దమడి, గుర్రాల దిబ్బ, రాణిగారి మెరక. చిన్నప్పుడు మా నాన్నగారు పద్యాల్లా వల్లె వేయించారు. ఏదో ఒకటి చెబితే ఆ కొండమీద కాదనేవాళ్ళు లేరు. గాసి తల కొంచెం వంచి, వినడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"నాకు భూమి లేదు," అన్నాను.

ఆ మాట నేను అంతవరకూ మా ఆవిడ దగ్గర కూడా అనలేదు. అమ్మేశాం అనేవాణ్ణి, కేసులో ఉంది అనేవాణ్ణి, చూసేవాళ్ళు లేరనేవాణ్ణి.

గాసి కంగారుపడ్డాడు. కలిపిన విత్తనం తిరిగి బుట్టలో పోయకూడదట. నా దోసిలి వైపూ రాయి వైపూ చూస్తున్నాడు. గింజలు జారిపోకుండా నేను వేళ్ళు దగ్గరికి నొక్కిపెట్టాను.

"భూమి నేనోడివి పడవేటికి కొన్నావు బావా?" అంది వెనకనుంచి ముక్తమ్మ. ఆడవాళ్ళందరూ విరగబడి నవ్వారు. అరవై ఏళ్ళలో నన్ను ఎదురుగా నిలబెట్టి అలా నవ్వినవాళ్ళు లేరు. ఒళ్ళు మండుతుందనుకుని ఎదురుచూశాను. మండలేదు.

"మా సెక్కలో ఒక మూల జల్లుకో. బేగి రా, పొద్దు పోతంది," అంది ముక్తమ్మ.

ఇళ్ళ వెనక, కాల్చి దున్నిన ఏటవాలు నేల. ఆవిడ కాలితో గీసి, మంచమంత చోటు చూపించింది. నిలబడి, చేయి చాచి, గుప్పెడు గింజలు విసిరాను.

"అలగ కాదు! దరమం సేసినట్టు ఇసురుతావేటి? గాలికి పోవా? నడుం ఒంచు. ఇంకా. ఇంకా ఒంచు."

వంగాను. ఒక్కొక్క గింజా మట్టిలో పడే చప్పుడు వినిపించేంత కిందికి.